పైన దుబాయి నడుస్తున్నది

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఎక్కువ చేసి చెప్పే అలవాటుంది. దీన్ని జబ్బనుకోకండి, వృత్తి అనుకోండి. ఎల్లారెడ్డిలో నాకొక ఫోటో స్టూడియో ఉంది. వెనక వరుసలన్నీ ఖాళీగా ఉన్న పెళ్ళిపందిరిని జనంతో నింపడం, కురుస్తున్న వానను పూలవానగా మార్చడం, పెళ్ళికొడుకు బట్టతల మీద వెంట్రుకలు మొలిపించడం నా రోజువారీ పనులు. ఒకసారి చెయ్యి ఆగక పెళ్ళికొడుకు తాతకు కూడా మొలిపించాను. ఆయన ఆ ఫోటో చంకలో పెట్టుకుని తనకూ ఒక సంబంధం చూడమని ఊరంతా తిరిగాడు. "ఈయన మాటను పొయ్యి మీద వెట్టి సగానికి మరగవెట్టాలె, అప్పుడే తాగనీకె పనికొస్తది" అని మా ఇంటామె వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉంటుంది. మీరూ అలాగే చదువుకోండి. ఇందులో నేను సొంతంగా పుట్టించింది ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మొన్న ఎండాకాలం మధ్యలో కామారెడ్డి బస్టాండు బయట దిగేసరికి, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలోంచి ఒక మంకీ క్యాపు నన్ను చూసింది. ఊరంతా నెత్తిన తడిగుడ్డ వేసుకుని తిరుగుతున్న ఎండలో ఉన్ని టోపీ. పైన "కన్నీటి నివాళి" అని ఉంది. దాని కింద టోపీ, టోపీ కింద రెండు కళ్ళు, ఒక ముక్కు. అంతే. ముక్కు నుంచి కిందికి ఇంకెవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేశారు. పోయినాయన పేరు, ఊరు, నివాళులర్పించేవాళ్ళ వరుస, అంతా ఆ శుభాకాంక్షల కింద పడిపోయింది. ఆయన కళ్ళు మాత్రం నాయకుడి నెత్తి మీదుగా రోడ్డును కాపలా కాస్తున్నాయి, ఎవడైనా బకెట్టు ఎత్తుకుపోతున్నాడేమోనని.

గుర్తుపట్టడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు. ఆ ఫోటో తీసింది నేనే. టోపీ తీయమని ఎంత బతిమాలినా తీయలేదాయన.

"టోపీ దీస్తె నన్నెవ్వలు గుర్తువడ్తరు ఎల్లారెడ్డీ?" అన్నాడు.

నిజమే. ఆయన మా లాడ్జి మేనేజరు.

"మా లాడ్జి" అంటే నాది కాదు. పెళ్ళిళ్ళ కాలంలో నేను తీసిన ఫోటోలను ఆల్బంగా అచ్చువేయించడానికి కామారెడ్డి రావాలి. ఇక్కడి ల్యాబువాడు "సాయంత్రానికి ఇస్త" అంటాడు. వాడి సాయంత్రం మర్నాడు మధ్యాహ్నానికి గానీ కాదు. అందుకని బస్టాండు ఎదుటి పాత లాడ్జిలో దిగడం నాకు అలవాటైంది. చవక, నడిబజారు, కిటికీ తీస్తే బస్సులు. కిటికీ మూసినా బస్సులే.

ఆ లాడ్జి రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ముందు నుంచి కొంత పోగొట్టుకుంటూ, ఇప్పుడు వెనక భాగం నుంచి మొదలయ్యే భవనం. లోపలికి అడుగుపెట్టగానే నడింట్లో తేలుతాం. మెట్లు ఎంత నిటారుగా ఉంటాయంటే, ఎక్కుతున్నప్పుడు మోకాలు గడ్డానికి తగిలి పళ్ళు కదులుతాయి. ఫ్యాను వేస్తే రెక్కలు కదలవు, గది తిరుగుతుంది. దోమలు మనిషిని మంచం మీద నుంచి ఎత్తి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, నచ్చితేనే కుట్టేవి. నచ్చనివాణ్ణి పక్క గదిలో పడేసి వచ్చేవి. నన్ను ఎప్పుడూ పక్క గదికి పంపలేదు, అది నా అదృష్టం.

ఈ సామ్రాజ్యానికంతా కౌంటరు వెనక మంకీ క్యాపుతో ఆయన. దిగినవాళ్ళందరికీ తాళంచెవి ఇస్తూ ఒకటే మాట చెప్పేవాడు:

"మీ ఇల్లే అనుకోండ్రి. కని ఇంట్ల ఉన్నట్టు ఉండకుండ్రి."

తాళంచెవికి ఒక కొయ్యదుంగ కట్టి ఉండేది. ఎవరూ మరిచిపోయి జేబులో వేసుకుపోకూడదని. దాన్ని జేబులో వేసుకోవడానికి ముందు ప్యాంటు వేరే కుట్టించుకోవాలి. దుంగ సంగతి అలా ఉంచి, కదిలే ప్రతి వస్తువు మీదా ఎర్ర పెయింటుతో "లాడ్జి సొత్తు" అని రాసి ఉండేది. బకెట్టు మీద, మగ్గు మీద, స్టూలు మీద, అద్దం మీద. అద్దం మీద సరిగ్గా నడిమధ్య రాశాడు. గడ్డం గీసుకుంటే నుదుటి మీద "లాడ్జి", గదవ కింద "సొత్తు" వచ్చేవి. దిండ్లయితే రెండువైపులా రాసేవాడు. వేసవిలో చెమటకు పెయింటు కరిగి, పొద్దున లేచేసరికి కొందరి చెంపల మీద అచ్చుపడి ఉండేది. అలా అచ్చుపడినవాళ్ళు బస్సెక్కుతుంటే కండక్టర్లు "ఏం సాబ్, లాడ్జి సంది వస్తున్రా?" అని పలకరించేవారు.

ఆయన చేసే పనులన్నిటిలోకీ పెద్దది వేడినీళ్ళు. లాడ్జి వెనక ఒక రాగి బాయిలరు ఉండేది. తెల్లవారాక దాని కింద కట్టెలు పెట్టి, నీళ్ళు మరిగాక మెట్ల దగ్గర నిలబడి తల పైకెత్తి "వేడినీళ్ళొస్తున్నయి!" అని ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకు ఎదుటి బస్టాండులో బస్సులు స్టార్టయ్యేవి. గదుల్లోంచి లుంగీలు, బనియన్లు, బకెట్లు మెట్ల మీద పడి దొర్లుకుంటూ కిందికి వచ్చేవి. కేక వేశాడంటే నీళ్ళున్నట్టే. ఆ మాట ఎన్నడూ తప్పలేదు. "గవర్నమెంటు మాట తప్పొచ్చు, నా నీళ్ళ మాట తప్పది" అని మీసం మీద చెయ్యి వేసేవాడు. మీసం టోపీ లోపల ఉండేది కాబట్టి టోపీ మీదే వేసేవాడు.

ఇంకో పద్ధతి ఉండేది. ఎవరినీ పేరుతో పిలిచేవాడు కాదు. ఆధారు కార్డు జిరాక్సు తీసుకుని, చూడకుండా మడిచి డ్రాయరులో పడేసి, "ఏ ఊరు?" అని అడిగేవాడు. ఆ క్షణం నుంచి మనిషి పోయి ఊరు మిగిలేది. నేను ఎల్లారెడ్డిని. భూమి కేసు కోసం కోర్టుకు వచ్చి దిగే ముసలాయన రాజంపేట. "రాజంపేటకు చాయ్ జెప్పిన, ఎల్లారెడ్డి ఇంక లేవలే" అంటుంటే వినేవాళ్ళకు జిల్లా అంతా ఈయన చేతికింద నిద్రపోతున్నట్టు ఉండేది.

ఇందులో ఒక ఉపాయం ఉంది. ఎవడైనా వచ్చి "ఫలానా మనిషి మీ లాడ్జిల దిగిండా?" అని అడిగితే ఆయన కనురెప్ప కదపకుండా "ఆ పేరుతోని ఎవ్వలు లేరు" అనేవాడు. బావమరుదులు వచ్చారు, అప్పులవాళ్ళు వచ్చారు, ఒకసారి రాజంపేట ముసలాయన కేసులో ఎదుటి పార్టీవాడే వచ్చాడు. అందరికీ అదే జవాబు.

"అబద్ధం గాదా సాబ్?" అన్నాన్నేను.

"ఎట్లయితది? పేరు దెలిస్తె అబద్ధమాడాలె. తెల్వకుంటె నిజం జెప్పినట్టే గదా! లాడ్జి మనుషుల పేర్లు బయటికి పోవద్దు ఎల్లారెడ్డీ. ఒక్కపారి జెప్పి ఆగమైన."

ఏం చెప్పి అంత చిక్కుల్లో పడ్డాడో మాత్రం చెప్పలేదు.

ఇక అంతకు ముందటి ఎండాకాలం జరిగిన మాచారెడ్డి సంగతికి వస్తాను. అంటే మాచారెడ్డి వైపు ఊరి నుంచి వచ్చిన మనిషి సంగతి. నేను దిగిన గది పక్క గదిలో ఉండేవాడు. ఒకసారి ఆల్బంల కోసం వచ్చినప్పుడు ఉన్నాడు, మళ్ళీ వారం వచ్చినప్పుడూ ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. విమానం చీటీ ఇంకా వేలాడుతున్న పెద్ద సూట్‌కేసు. బయటికి వచ్చేవాడు కాదు. అన్నం ప్యాకెట్టు మేనేజరే పైకి తీసుకుపోయేవాడు, పక్షికి గింజలేసినట్టు.

మా రెండు గదుల మధ్య ఉన్నదాన్ని గోడ అని ఇంజనీర్లు అంటారేమో, నేను తెర అంటాను. ఒక సాయంత్రం ఆ తెర అవతలి నుంచి మాటలు వినబడ్డాయి. వీడియో కాల్.

"ఆఁ, గిప్పుడే డ్యూటీ దిగిన. ఎండలా? మస్తున్నయి. ఒంటెలు గూడ నీడకు నిలవడ్డయి."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బండి కింద ఒక కుక్క నీడకు పడుకుని ఉంది. ఒంటె కనబడలేదు.

సరిగ్గా అప్పుడే బస్టాండు మైకు గొంతు సవరించుకుంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. కామారెడ్డి నుండి ఎల్లారెడ్డి వెళ్ళు బస్సు..."

ఫోన్లోంచి ఆడమనిషి గొంతు. "గదేందయ్యా, దుబాయిల ఎల్లారెడ్డి బస్సంటున్నరు?"

నేను తెరకు చెవి ఆనించాను. దోమలు కూడా వినడానికి ఆగాయి.

"గదా... గది... ఈడ మనోళ్ళు బాగా పెరిగిన్రు గదనే. బస్సేసిన్రు."

"దుబాయి సంది ఎల్లారెడ్డికా?"

"ఆఁ. సీద."

ఆమె చల్లగా అంది. "అయితె గా బస్సే ఎక్కి రారాదు? మంచిగ ఇంటి ముంగట దిగుతవ్."

నేను దిండు నోట్లో కుక్కుకుని కిందికి పరుగెత్తాను. కౌంటరు దగ్గర విషయం చెప్పబోతే మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వేం ఇనలే ఎల్లారెడ్డీ."

"ఇన్న సాబ్. ఒంటెలు గూడ నీడకున్నయంట."

ఆయన అటూ ఇటూ చూసి, టోపీ చెవుల దగ్గర కొంచెం ఎత్తి, గొంతు తగ్గించాడు. ఆ మనిషి పనిచేసే కంపెనీ మూతపడింది. ఇంటికి చెప్పలేదు. అంతకుముందే ఫోర్‌మెన్ అయ్యానని ఒక మాట వదిలాడు. ఆమె ఆ మాటను ఊరంతా పంచింది. ఇప్పుడు ఫోర్‌మెన్ ఉత్త చేతులతో దిగితే ఊళ్ళో ముఖం ఎట్లా చూపించాలి?

"శంషాబాదుల దిగిండు. కామారెడ్డి దాక మంచిగనే వచ్చిండు. ఈడికెళ్ళి మాచారెడ్డి బస్సెక్కనీకె కాళ్ళు రాలేవంట. రోజు పొద్దుగాల సూట్‌కేసు సదురుతడు. రోజు మాపటికి ఇప్పుతడు."

"ఎన్నొద్దులుంటడు సాబ్ గిట్ల?"

"ధైర్యమొచ్చేదాక. అప్పటిదాక దుబాయి ఈడనే నడవాలె." నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు ఫోటోగిరాఫర్వు గదా. ఎన్క ఏం గనవడకుంట ఏడ కూసుండవెట్టాల్నో జెప్పు."

ఇలా నేను దుబాయి ప్రభుత్వంలో చేరాను. మాచారెడ్డిని బస్టాండు వైపు గది నుంచి వెనక మూల గదికి మార్చాం. అద్దం తీసేశాం. బకెట్టు తలుపు వెనక దాచాం. మంచం మీద దిండుకు ఆనించి కూర్చోబెట్టి, ముఖం మీద వెలుతురు సమంగా పడేలా కిటికీ రెక్క సగం మూశాను. ముక్కు నీడ ఎటు పడుతుందో కూడా చూసుకున్నాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. దుబాయికి నెట్ మేనేజరు ఫోన్లోంచి వచ్చేది. దుబాయి చప్పుళ్ళు మేనేజరు గొంతులోంచి వచ్చేవి. కాల్ మొదలవగానే వరండాలో నిలబడి, సైటు సూపర్‌వైజరులాగా "యల్లా హబీబీ! జల్దీ జల్దీ! కామ్ పే చలో!" అని ఒర్రేవాడు. ఆయనకు వచ్చిన అరబ్బీ ఆ రెండు ముక్కలే. మిగతాది నిజాం కాలం నుంచి ఈ ఊళ్ళో మిగిలిపోయిన ఉర్దూ. కానీ ఎంత గంభీరంగా అనేవాడంటే, పక్క గదిలో రాజంపేట ముసలాయన రెండుసార్లు లేచి చెప్పులు వేసుకుని డ్యూటీకి బయల్దేరాడు.

మళ్ళీ నేను ఆల్బంల కోసం వచ్చిన రోజు మిట్టమధ్యాహ్నం. కౌంటరు పక్క బెంచీ మీద చాయ్ తాగుతున్నాను. మేనేజరు పైన దుబాయి చూసుకోవడానికి వెళ్ళాడు. అప్పుడొక ఆమె లోపలికి వచ్చింది. చెమటకు తడిసిన ముఖం, భుజాన సంచి, చేతిలో ఫోను. నన్ను చూడలేదు. మెట్ల దగ్గర నిలబడి తల పైకెత్తి, ఫోన్లో ఎవరికో కాల్ కలిపింది.

"ఆఁ, ఏడున్నవయ్యా?"

ఫోను "దుబాయిల" అంది. మెట్ల పైనుంచి కూడా ఎవరో "దుబాయిల" అన్నారు.

"ఏం జేస్తున్నవ్?"

"డ్యూటీల ఉన్ననే. ఇగో, సూపర్‌వైజర్ పిలుస్తుండు."

"యల్లా హబీబీ!" అని ఫోను ఒర్రింది. "యల్లా హబీబీ!" అని మేడ ఒర్రింది.

నా చేతిలో చాయ్ నా చొక్కాకు మారింది. సైగ చేద్దామంటే మెట్లకూ నాకూ మధ్య ఆమె ఉంది. ఈలోగా కింద ఆడగొంతు విన్న మేనేజరు, దుబాయికి ఇబ్బంది అవుతుందని దబదబా దిగి వచ్చాడు. టోపీ మీద, నోరు ఉండేచోట వేలు పెట్టి, ఎంతో మర్యాదగా అన్నాడు:

"బిడ్డా, జర మెల్లగ మాట్లాడు. పైన దుబాయి నడుస్తున్నది."

ఆమె అప్పటికే కట్ అయిన ఫోను కిందికి దించింది. ఆయన్ను కాళ్ళ నుంచి టోపీ దాకా చూసింది.

"గా అరబ్బాయన నువ్వేనా సార్? మంచిగ ఒర్రుతున్నవ్."

మేనేజరు ముఖంలో రంగు దిగి టోపీలోకి పోయింది. అయినా ఆయన తేలిగ్గా ఓడే మనిషి కాదు. కౌంటరు వెనక్కి నడిచి, కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. ఆమె తన భర్త పేరు చెప్పి, ఉన్నాడా అని అడిగింది.

"ఆ పేరుతోని ఎవ్వలు లేరు."

"తెలుసు సార్, గట్లనే అంటరని. రెండు లాడ్జిలు తిరిగొచ్చిన, అందరు గదే అన్నరు. గిది జూడు."

ఫోన్లో ఒక ఫోటో చూపించింది. వీడియో కాల్ నుంచి పట్టిన ఫోటో. ఎంత చక్కటి వెలుతురు! ముక్కు నీడ పడాల్సిన చోటే పడింది. ఫోర్‌మెన్ కళకళలాడుతున్నాడు. ఆయన భుజం వెనక, దిండు మీద, ఎర్రగా, అక్షరం అక్షరం విడివిడిగా: లాడ్జి సొత్తు.

అద్దం తీసినవాళ్ళం, బకెట్టు దాచినవాళ్ళం. దిండు మీద పెయింటు మేనేజరుది, దాన్ని ఫ్రేములో కూర్చోబెట్టింది నా పనితనం. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

"నాకు సదువు రాదు సార్," అంది ఆమె. "నా బిడ్డ ఒకటో తరగతి. బాపు ఎన్క తెలుగుల ఏదో రాసి ఉన్నదమ్మా అని కూడబలుక్కొని సదివింది. నేను అరబ్బోళ్ళు గూడ తెలుగు నేర్సిన్రేమో అన్న. నేర్వలేదమ్మా, లాడ్జి అంటె కామారెడ్డిల ఉంటది అన్నది."

మేనేజరు ఆ ఫోటోను చాలాసేపు చూశాడు.

"దిండు మాదే," అన్నాడు చివరికి. "మనిషి సంగతి మాత్రం నాకు తెల్వది."

"నేను కొట్లాడనీకె రాలె సార్. పని పోతె పోయింది, ఇంకోటి దొరుకుతది. ఫోర్‌మెన్ గాకున్నా ఏం గాదు, నేనెట్లాగు నమ్మలె, ఊరోళ్ళను నమ్మిచ్చిన గంతే. కని మనిషి ఏడున్నడో తెల్వకుంటె నేనెట్లుండాలె? దినాం ఫోన్ల ముఖం జూస్తున్న, ఆ ముఖం ఏడున్నదో తెల్వది." కౌంటరు మీద చెయ్యి ఆనించింది. "ఉన్నడా లేడా ఒక్క మాట జెప్పు."

ఆయన చెప్పలేదు. ఇన్నేళ్ళ పద్ధతి. చెబితే పైనున్నవాడి నమ్మకం పోతుంది, చెప్పకపోతే కిందున్న మనిషి గుమ్మం దిగి పోతుంది. ఆమె సంచి భుజాన సర్దుకుంటోంది. నేను నోరు తెరవబోయాను. టోపీలోంచి ఒక్క చూపు విసిరాడు. మూశాను.

"రూము గావాల్నా బిడ్డా?" అన్నాడు ఉన్నట్టుండి.

ఆమెకు అర్థం కాలేదు.

"లాడ్జికొచ్చినవ్ గదా. రూము గావాల్నా? ఏ ఊరు?"

"మాచారెడ్డి దిక్కు."

"మాచారెడ్డోళ్ళకు ఒక్కటే రూము ఉన్నది. మేడ మీద, ఎన్క మూలకు." డ్రాయరులో వెతికి, కొయ్యదుంగ కట్టిన రెండో తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మీ ఇల్లే అనుకో."

రెండో ముక్క చెప్పలేదు. రెండో ముక్క లేకుండా ఆ మాట నేను వినడం అదే మొదలు.

ఆమె దుంగను గుండెకు ఆనించుకుని మెట్లెక్కింది. మేం ఇద్దరం కదలకుండా విన్నాం. అడుగులు. తాళం తిరిగిన చప్పుడు. తలుపు. ఆ తర్వాత ఒక మగమనిషి ఏడుపు మొదలైంది. చిన్నగా కాదు. ఎన్ని రోజుల నుంచి మంచం కింద సూట్‌కేసులో మడిచి పెట్టుకున్నాడో, అంతా ఒక్కసారి విప్పినట్టు. వరండాలో ఒక తలుపు తెరుచుకుంది. రాజంపేట ముసలాయన తల బయటికి వచ్చింది. ఇంకో తలుపు.

మేనేజరు కుర్చీలోంచి లేచి, మెట్ల దగ్గరికి వెళ్ళి, తల పైకెత్తాడు.

"వేడినీళ్ళొస్తున్నయీ!"

నడి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. నల్లా తిప్పితే చల్లనీళ్ళే సలసల కాగుతున్నాయి. బాయిలరు కింద ఒక్క పుల్ల కూడా అంటించలేదు. అయినా ఆ కేకకు అలవాటుపడ్డ కాళ్ళు ఆలోచించలేదు. బకెట్లు, లుంగీలు, బనియన్లు మెట్ల మీద పడి దొర్లుకుంటూ దిగాయి. బకెట్ల మోతకు, చెప్పుల చప్పుడుకు పైన ఏడుపు ఎవరికీ వినబడలేదు.

చల్లటి బాయిలరు చుట్టూ చేరినవాళ్ళు ఆయన మీద పడ్డారు.

"ఏం సాబ్, దిమాక్ ఖరాబైందా? నీళ్ళేవి?"

"గీ ఎండల వేడినీళ్ళా?" అన్నాడు రాజంపేట ముసలాయన, అందరికంటే ముందు బకెట్టుతో దిగింది తానేనన్నది మరిచిపోయి.

"గంటేపాగుండ్రి, అంటువెడ్త," అంటూ ఆయన చెమటలు కక్కుకుంటూ కట్టెలు ఏరడం మొదలుపెట్టాడు. మాట తప్పని మనిషి. తిట్లన్నీ టోపీ మీద పడుతుంటే, ఒక్కటీ దులుపుకోకుండా నిజంగానే పొయ్యి అంటించాడు. ఆ మధ్యాహ్నం మేం కొందరం మొహమాటానికి వేడినీళ్ళ స్నానం కూడా చేశాం. నా వీపు మీది చర్మం ఇంకా పూర్తిగా మొలవలేదు.

ఎండ తగ్గాక వాళ్ళిద్దరూ దిగారు. సూట్‌కేసు ఆమె నెత్తిన ఉంది. భర్త అడిగినా ఇవ్వలేదు. కౌంటరు మీద రెండు దుంగలు పెట్టి, "దుబాయి మంచిగున్నది సార్ మీది. జర బాత్‌రూములు కడిగిపియ్యుండ్రి" అంది.

మాచారెడ్డి మేనేజరు ఎదుట తల దించుకుని నిలబడ్డాడు. కళ్ళు వాచి ఉన్నాయి. చెంప మీద "సొత్తు" అని ఎర్రగా అచ్చుపడి ఉంది. ఆమె పమిటకొంగు నోటితో తడిచేసి, అందరి ముందూ దాన్ని తుడిచింది.

"ఇన్నొద్దులు మీ ఇల్లే అనుకోమన్న," అన్నాడు మేనేజరు. "నాదే తప్పు. ఇగ నీ ఇంటికి నువ్వు పో."

బస్టాండు మైకు పిలిచిన బస్సు ఎక్కి వాళ్ళు వెళ్ళిపోయారు.

తర్వాత నేను వెళ్ళినప్పుడు దిండ్ల మీద రాతలు కనబడలేదు. తిప్పి చూస్తే, గలేబు లోపలి వైపు, మడతలో, చిన్న అక్షరాలతో రాసి ఉంది. "ఏం సాబ్, గా దిండు సంగతి యాదికున్నదా?" అని గెలికాను.

"ఏ దిండు?" అన్నాడు. "ఆ పేరుతోని ఏ దిండు లేదీడ."

ఆయన ఫోటో తీసింది ఆ రోజే. కౌంటరు వెనక, టోపీతో. నవ్వమంటే నవ్వలేదు, మీసం మీద చెయ్యి వేశాడు, అంటే టోపీ మీద.

ఇక ఇచ్చిన మాట ప్రకారం ఒప్పుకోవాలి. దోమలు నిజం. దుబాయి నుంచి ఎల్లారెడ్డికి బస్సు నిజం, నా చెవులతో విన్నాను. ఎండాకాలం వేడినీళ్ళు నిజం, కావాలంటే రాజంపేట ముసలాయన్ని అడగండి, ఆ మాట ఎత్తితే ఇప్పటికీ తిడతాడు. వీటిని కొంచెం పొంగించి ఉంటాను, మీరు మరగబెట్టి ఉంటారు, ఆ లెక్క సరిపోయింది. ఏమీ లేనిచోట నేను పుట్టించింది ఒక్కటే. ఆ ఫ్లెక్సీ మీద ఎవరూ ఇంకేదీ కట్టలేదు. టోపీ, కళ్ళు, ముక్కు, టోపీ మీద చెయ్యి అన్నీ ఉన్నాయి. వాటి కింద ఆయన పేరు ఉంది, ఇంటిపేరుతో సహా, రోడ్డు అవతలి నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాలతో. అన్నేళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషి పేరు నేను మొదటిసారి ఆ ఎండలో నిలబడి చదివాను. మంచి పేరు. ఆయనకు నప్పింది కూడా.

ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చుని, మొదట ఆ పేరే రాశాను. రాశాక పెన్ను ముందుకు కదలలేదు. కౌంటరు వెనక నుంచి ఎవరో నన్ను ఊరి పేరుతో పిలిచినట్టయింది. దాంతో కొట్టేసి, దాని మీద ఆ నాయకుడి పుట్టినరోజు నేనే చేశాను.